ఒకే గ్రంథి, రెండు వ్యాధులు: మధుమేహమున్న ముసలి పిల్లి సంరక్షణ

మధుమేహమున్న ముసలి పిల్లి తిండి మీద ఆసక్తి కోల్పోయి, అప్పుడప్పుడు వాంతి చేసుకుంటూ, మంచం కిందనో బీరువా వెనుకనో ముడుచుకుని పడుకోవడం మొదలుపెడితే, అది ముసలితనపు నీరసంగానో పడని తిండి వల్ల వచ్చిన అజీర్తిగానో ఇంటివారికి తోచవచ్చు కానీ, పశువైద్యులు మొదట అనుమానించే కారణాల్లో క్లోమశోథ ఒకటి. కణజాలం దెబ్బతిన్నప్పుడు వాపుతో, నొప్పితో శరీరం చూపే ప్రతిస్పందనను శోథ అంటారు. అది జీర్ణాశయానికి ఆనుకుని ఉండే క్లోమగ్రంథిలో తలెత్తితే క్లోమశోథ అవుతుంది. ఇన్సులిన్ తయారయ్యేదీ, ఈ శోథకు గురయ్యేదీ ఒకే గ్రంథి కనుక, మధుమేహాన్నీ క్లోమశోథనూ రెండు విడివిడి జబ్బులుగా కాక, ఒకే అవయవంలో పుట్టి ఒకదాన్నొకటి పెంచుకునే సమస్యలుగా చూసినప్పుడే సంరక్షణ సరైన దారిలో సాగుతుంది. ఆ సంరక్షణలో ప్రయోగశాలలకు ఎంత పాత్ర ఉందో, ప్రతిరోజూ పిల్లి తిండినీ బరువునూ ప్రవర్తననూ గమనించి రాసిపెట్టే ఇంటి మనిషికీ అంతే పాత్ర ఉంది.

ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల విషయంలో ఈ మాటకు మరింత ప్రాధాన్యం ఉంది. ఇక్కడి పశువైద్యశాలలు ప్రధానంగా గేదెలు, ఆవులు, గొర్రెలు, మేకలు, కోళ్ల అవసరాల చుట్టూ రూపుదిద్దుకున్నాయి. వ్యవసాయ ప్రాంతంలో అది సహజమూ అవసరమూ. ఒకప్పుడు ధాన్యం, మిర్చి నిల్వ చేసే ఇళ్లలో ఎలుకల కోసం ఆరుబయట తిరిగిన పిల్లులు ఇప్పుడు పట్టణాల ఇళ్లలో, సింగరేణి బొగ్గు గనుల క్వార్టర్లలో నాలుగు గోడల మధ్య పెరుగుతూ, సమయానికి తిండి దొరికి, వాహనాల నుంచీ కుక్కల నుంచీ రక్షణ పొంది పన్నెండు, పదిహేనేళ్లు బతకగలుగుతున్నాయి. ఆయుష్షు పెరిగినకొద్దీ మధుమేహం, మూత్రపిండాల క్షీణత, క్లోమశోథ వంటి వృద్ధాప్య వ్యాధులూ బయటపడతాయి కనుక, ఈ జబ్బుల గురించిన అవగాహన మహానగరాల పెంపకందారులకే పరిమితం కాకూడదు.

క్లోమం చేసే రెండు పనులు

క్లోమంలో అత్యధిక భాగం ట్రిప్సిన్, లైపేజ్, అమైలేజ్ వంటి జీర్ణ ఎంజైములను, అంటే ఆహారాన్ని విడగొట్టే రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రొటీన్లను తయారుచేసి, ఒక సన్నని వాహిక ద్వారా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పంపుతుంది. ఈ కణజాలం మధ్య అక్కడక్కడ విసిరేసినట్టు ఉండే కణాల గుంపులను 1869లో జర్మనీకి చెందిన పాల్ లాంగర్‌హాన్స్ విద్యార్థి దశలోనే గుర్తించగా, తర్వాత వాటికి ఆయన పేరే స్థిరపడింది. మొత్తం గ్రంథిలో ఒకటి రెండు శాతమే ఉండే ఈ లాంగర్‌హాన్స్ పుటికల్లోని బీటా కణాలు ఇన్సులిన్‌ను నేరుగా రక్తంలోకి విడుదల చేస్తాయి. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మెరింగ్, మింకోవ్‌స్కీ క్లోమం తొలగించిన కుక్కకు మధుమేహం రావడాన్ని గమనించడంతో ఆ వ్యాధికీ ఈ గ్రంథికీ ఉన్న సంబంధం రుజువైంది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమసారంతో కుక్కల రక్తంలో చక్కెరను తగ్గించగలగడంతో చికిత్సకు దారి తెరుచుకుంది.

జీర్ణ ఎంజైములు క్లోమంలో ఉన్నంతసేపూ పనిచేయని రూపంలోనే ఉంటాయి. ఉదాహరణకు ట్రిప్సినోజెన్ అనే నిద్రాణ పదార్థం పేగులోకి చేరిన తర్వాతే ట్రిప్సిన్‌గా మారి ప్రొటీన్లను విడగొట్టడం మొదలుపెడుతుంది. ఏదో ఒక కారణంగా ఈ మార్పు గ్రంథి లోపలే, ముందుగానే జరిగిపోతే, ఎంజైములు సొంత కణజాలాన్నే జీర్ణం చేయడం మొదలవుతుంది. చుట్టూ ఉన్న కొవ్వు దెబ్బతింటుంది, నొప్పి పుడుతుంది, రక్తనాళాల నుంచి ద్రవం బయటకు ఊరుతుంది. పిల్లుల్లో ఇది ఒక్కసారిగా విరుచుకుపడే తీవ్ర రూపంలో కంటే, నెలల తరబడి నెమ్మదిగా సాగుతూ గ్రంథిలో మచ్చకణజాలాన్ని పెంచే దీర్ఘకాలిక రూపంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. మచ్చకణజాలం పెరిగినకొద్దీ దాని మధ్యనున్న పుటికలూ నశిస్తాయి. మరోవైపు శోథ వల్ల శరీరమంతటా ఇన్సులిన్ ప్రభావం మందగిస్తుంది. ఈ విధంగా క్లోమశోథ మధుమేహాన్ని కలిగించగలదు, ఉన్న మధుమేహాన్ని అదుపు తప్పించగలదు.

పిల్లి శరీర నిర్మాణంలో ఉన్న మరొక విశేషం ఈ చిక్కును పెంచుతుంది. చాలా పిల్లుల్లో క్లోమవాహిక, కాలేయం నుంచి వచ్చే పైత్యరస వాహికతో కలిసిన తర్వాతే ఆంత్రమూలంలోకి తెరుచుకుంటుంది కనుక, పేగులోని శోథ పైత్యమార్గానికీ క్లోమానికీ, క్లోమం వాపు పైత్యరస ప్రవాహానికీ సులభంగా విస్తరిస్తుంది. పేగు, కాలేయం, క్లోమం మూడూ ఒకేసారి శోథకు గురయ్యే ఈ స్థితిని పశువైద్యులు ట్రయడైటిస్ అంటారు. క్లోమశోథ అనుమానమున్న పిల్లి చెవుల లోపలి చర్మం, చిగుళ్లు, కళ్లలోని తెలుపు పసుపురంగుకు తిరుగుతున్నాయేమో ప్రతిరోజూ వెలుతురులో చూడవలసిన కారణం ఇదే.

పిల్లికి మధుమేహం ఎందుకు వస్తుంది

కుక్కల మధుమేహం చాలావరకు బీటా కణాలు పూర్తిగా నశించడం వల్ల వచ్చేది కాగా, పిల్లుల మధుమేహం మనుషుల్లో నడివయసులో కనిపించే రెండో రకాన్ని పోలి ఉంటుంది. ఇన్సులిన్ తయారవుతున్నా శరీర కణాలు దానికి సరిగా స్పందించకపోవడాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు; ఊబకాయం, కదలిక లేని ఇంటి జీవితం, వయసు, మగ పిల్లుల్లో బీజాల తొలగింపు దీనికి దోహదం చేస్తాయి. అవసరం పెరిగినకొద్దీ బీటా కణాలు ఇన్సులిన్‌తో పాటు అమైలిన్ అనే మరో చిన్న ప్రొటీన్‌నూ ఎక్కువగా విడుదల చేస్తాయి. ఇది పోగుపడి అమిలాయిడ్ అనే కరగని పదార్థంగా పుటికల్లో పేరుకుని, వాటిని లోపలి నుంచి దెబ్బతీస్తుంది. 1987లో స్వీడన్‌కు చెందిన పెర్ వెస్టర్‌మార్క్ బృందం ఈ నిల్వలు ఏ ప్రొటీన్‌తో తయారయ్యాయో గుర్తించినప్పుడు, మనిషి కణితితో పాటు మధుమేహమున్న పిల్లి క్లోమాన్నీ పరిశీలించింది; కోట్లాది మనుషులకు వచ్చే వ్యాధిని అర్థం చేసుకోవడంలో పిల్లి వ్యాధి ఆ విధంగా తోడ్పడింది.

పిల్లి సహజంగా మాంసాహారి. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని విడగొట్టే ఎంజైము ఉండదు, పెద్ద మొత్తంలో వచ్చిపడే గ్లూకోజును వెంటనే వినియోగించుకునే శక్తి దాని కాలేయానికి తక్కువ. ఇళ్లలో ప్రేమతో పెట్టే పాలన్నం, పెరుగన్నం, చౌకరకం పొడి గుళికల ఆహారం పిండిపదార్థంతో నిండి ఉంటాయి కనుక, అప్పటికే బరువెక్కిన ముసలి పిల్లిలో అవి భోజనానంతర చక్కెరను పెంచి, క్లోమం మీద అదనపు భారం మోపుతాయి. అతిగా నీరు తాగడం, ఎక్కువసార్లు మూత్రం పోయడం, బాగా తింటున్నా చిక్కిపోవడం, మూత్రం పోసిన చోట చీమలు చేరడం మధుమేహానికి తొలి సూచనలు. వెనుక కాళ్ల నరాలు దెబ్బతిన్న పిల్లి వేళ్ల మీద కాక మడమలు నేలకానించి నడుస్తుంది. సరైన ఇన్సులిన్ అందితే ఈ నడక చాలా పిల్లుల్లో నెలల వ్యవధిలో మెరుగుపడుతుంది.

రక్తంలో చక్కెరను ఒక్కసారి కొలిచి మధుమేహమని తేల్చడం పిల్లి విషయంలో చెల్లదు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి డెసీలీటరుకు సుమారు 70 నుంచి 150 మిల్లీగ్రాముల గ్లూకోజు ఉంటుంది కానీ, బుట్టలో పెట్టి బస్సులో తీసుకువచ్చిన పిల్లికి భయం వల్లనే అది 300 కూడా దాటవచ్చు. అందువల్ల మూత్రంలో చక్కెర ఉందా అన్నదీ, గత ఒకటి రెండు వారాల సగటు చక్కెరను సూచించే ఫ్రక్టోసమిన్ పరీక్ష ఏం చెబుతున్నదన్నదీ కలిపి చూస్తారు. పిల్లి మూత్రపిండాలు సుమారు 250 నుంచి 300 మిల్లీగ్రాముల స్థాయి దాటిన తర్వాతే చక్కెరను మూత్రంలోకి వదులుతాయి కనుక, మందుల షాపుల్లో దొరికే మూత్రపరీక్ష పట్టీలు కూడా ఇంట్లో ఉపయోగపడతాయి.

క్లోమశోథ అనుమానాన్ని ఎలా తూచాలి

మనిషికి క్లోమశోథ వస్తే కడుపులో భరించలేని నొప్పి, కుక్కకు వస్తే ఆగని వాంతులు ముందు కనిపిస్తాయి. పిల్లి మాత్రం నొప్పిని దాచుకునే జంతువు. చాలా పిల్లుల్లో కనిపించేది తిండి తగ్గడం, మందకొడితనం, ఒళ్లు నాక్కోవడం మానేయడం, ఒంట్లో నీరు తగ్గడం మాత్రమే. వాంతులు చాలా పిల్లుల్లో ఉండనే ఉండవు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చనిపోయిన 115 పిల్లుల క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పరిశీలించినప్పుడు 67 శాతం పిల్లుల్లో, పైకి ఆరోగ్యంగా కనిపించినవాటిలో కూడా 45 శాతం పిల్లుల్లో శోథ గుర్తులు కనిపించాయి. క్లోమశోథ లక్షణాలు లేకుండానే ఎంత విస్తృతంగా ఉండగలదో ఈ అంకెలు చెబుతున్నాయి. గ్రంథిలో శోథ ఉన్నంత మాత్రాన పిల్లి ప్రస్తుత బాధకు అదే కారణమని తేల్చలేమన్న హెచ్చరిక కూడా వాటిలోనే ఉంది.

అందువల్లనే వైద్యులు చాలాసార్లు 'క్లోమశోథ ఉండవచ్చు' అని మాత్రమే చెబుతారు. అది తెలియనితనం కాదు, శాస్త్రీయమైన జాగ్రత్త. మనుషులకు చేసే సాధారణ అమైలేజ్, లైపేజ్ పరీక్షలు పిల్లిలో నమ్మదగినవి కావు. పిల్లి క్లోమం నుంచి వచ్చిన లైపేజ్‌ను మాత్రమే కొలిచే ప్రత్యేక పరీక్ష అమెరికాలోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయ పరిశోధన నుంచి రూపుదిద్దుకుంది. దాని ప్రామాణిక రూపంలో లీటరుకు 3.5 మైక్రోగ్రాముల వరకు సాధారణంగానూ, 5.4 లేదా అంతకు మించితే క్లోమశోథకు అనుగుణంగానూ, మధ్యనున్న విలువలను అనిశ్చితంగానూ పరిగణిస్తూ వచ్చారు. ఇది జాతికి ప్రత్యేకమైన పరీక్ష కనుక మనుషుల ల్యాబుల్లో చేసే లైపేజ్ దాని స్థానాన్ని తీసుకోలేదు. అనుభవమున్న వైద్యులు చేసే పొట్ట అల్ట్రాసౌండ్, రక్తకణాల లెక్క, కాలేయ, మూత్రపిండ పరీక్షలు, లక్షణాల చరిత్ర అన్నీ కలిపి తూచినప్పుడే అనుమానం నిర్ధారణకు దగ్గరవుతుంది.

ఈ దశలో ఇతర కారణాలను పక్కన పెట్టకూడదు. ముసలి పిల్లి తిండి మానడానికి మూత్రపిండాల వ్యాధి, పంటి నొప్పి, పేగు కణితి కారణం కావచ్చు. ఇన్సులిన్ ఎంత పెంచినా చక్కెర దిగకపోతే, పీయూషగ్రంథి నుంచి పెరుగుదల హార్మోన్ అతిగా విడుదలయ్యే స్థితిని అనుమానించాలి. బ్రిటన్‌లో 1,200కు పైగా మధుమేహ పిల్లులపై జరిగి 2015లో ప్రచురితమైన పరిశీలన, దాదాపు నాలుగింట ఒక పిల్లిలో ఈ స్థితిని సూచించే హార్మోన్ స్థాయిలను గుర్తించింది.

ఇన్సులిన్: సీసా, సిరంజి, మోతాదు

పిల్లి మధుమేహానికి గ్లార్జిన్ వంటి దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్‌ను పన్నెండు గంటలకొకసారి ఇవ్వడం నేడు విస్తృతంగా అనుసరిస్తున్న పద్ధతి. చాలా పిల్లులకు ఒక్కొక్క యూనిట్‌తో మొదలుపెట్టి, వైద్యుని సూచన మేరకు నెమ్మదిగా మారుస్తారు. ఇంత చిన్న మోతాదులో అర యూనిట్ తేడా కూడా పెద్దదే. ఇక్కడే మన మందుల షాపుల్లో ఒక ప్రమాదం పొంచి ఉంది: మన దేశంలో మనుషులకు అమ్మే సాధారణ ఇన్సులిన్ సీసాల్లో చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, వాటికి ఎర్ర మూత సిరంజి వాడతారు, గ్లార్జిన్‌లో సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటాయి, దానికి నారింజరంగు మూత సిరంజి కావాలి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజితో ఒక గీత వరకు తీస్తే పిల్లి ఒంట్లోకి వెళ్లేది ఒకటి కాదు, రెండున్నర యూనిట్లు. అది నాలుగు కిలోల జంతువును స్పృహ తప్పించగల పొరపాటు. సీసా మీదున్న అంకె, సిరంజి మీదున్న అంకె ఒకటేనని కొన్నప్పుడల్లా సరిచూడాలి, షాపులో మరో రకం అంటగడితే వైద్యుని అడగకుండా మార్చకూడదు.

తెరవని ఇన్సులిన్‌ను రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో, ఫ్రీజర్‌కు దూరంగా ఉంచాలి. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ జిల్లాల్లో కిటికీ పక్కన, స్కూటర్ డిక్కీలో వదిలిన సీసా పైకి మామూలుగా కనిపిస్తూనే శక్తి కోల్పోతుంది. కరెంటు ఎక్కువసేపు పోయే ఇళ్లలో నీరు తగలని డబ్బాలో సీసాను పెట్టి తడి మట్టికుండలో ఉంచడం తాత్కాలికంగా ఉపయోగపడుతుంది. గ్లార్జిన్ ఎప్పుడూ నీళ్లలా తేటగా ఉండాలి. మసకబారితే పారేయాలి, మరే ఇన్సులిన్‌తోనూ కలపకూడదు. సూదిని పక్కటెముకల పక్కనో తొడ ముందు భాగంలోనో వదులుగా ఉన్న చర్మాన్ని పైకెత్తి వేస్తే పిల్లి పెద్దగా పట్టించుకోదు.

చక్కెరను ఇంట్లోనే కొలవగలిగితే సంరక్షణ రూపమే మారుతుంది, ఎందుకంటే ప్రయాణపు భయం వల్ల పెరిగిన చక్కెర అక్కడ ఉండదు. చెవి అంచున ఉండే సన్నని రక్తనాళం నుంచి ఒక చుక్క రక్తం తీసి గ్లూకోమీటరుతో కొలవవచ్చు. మనుషుల గ్లూకోమీటర్లు పిల్లి రక్తంలో అసలు విలువ కంటే తక్కువ చూపే అవకాశం ఎక్కువ కనుక, ఎప్పుడూ ఒకే మీటరు వాడుతూ ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. పన్నెండు గంటల పాటు రెండేసి గంటలకొకసారి కొలిచి గీసే రేఖలో అతి తక్కువ విలువ 80 నుంచి 150 మధ్య ఉంటే మోతాదు సరిపోతోందని భావిస్తారు.

క్లోమశోథ తోడైన పిల్లికి స్థిరమైన మోతాదు అంటూ ఉండదు. శోథ పెరిగినప్పుడు నిరోధకత వల్ల ఎక్కువ ఇన్సులిన్ కావాలి. అది తగ్గినప్పుడు, లేదా పిల్లి తిండి మానినప్పుడు, నిన్నటి మోతాదే ఇవాళ అతిగా మారుతుంది. అందువల్ల తినని రోజున పూర్తి మోతాదు ఇవ్వడం ప్రమాదకరం. అలాగని రోజుల తరబడి ఇన్సులిన్‌ను పూర్తిగా ఆపేస్తే, శరీరం చక్కెరకు బదులు కొవ్వును కరిగించుకుని కీటోన్లు అనే ఆమ్ల పదార్థాలను రక్తంలో నింపుతుంది. చక్కెర కొలిచి, వైద్యునితో ఫోన్‌లో మాట్లాడి, ఆ రోజుకు తగిన తగ్గింపు మోతాదు నిర్ణయించుకోవడమే సరైన మార్గం. మోతాదు ఇచ్చామా లేదా అన్న సందేహం వస్తే మళ్లీ ఇవ్వకూడదు. ఒక పూట తప్పడం కంటే రెండుసార్లు పడడం ఎన్నో రెట్లు ప్రమాదం.

మనుషులకు వాడే మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలను పిల్లికి సొంతంగా వేయకూడదు. మూత్రం ద్వారా చక్కెరను బయటకు పంపే గ్లిఫ్లోజిన్ కుటుంబానికి చెందిన రెండు మందులను పిల్లుల కోసం అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 డిసెంబరులో, 2023లో ఆమోదించింది కానీ, క్లోమశోథ ఉన్నప్పుడు, తిండి మానినప్పుడు వాటిని వాడకూడదని స్పష్టంగా హెచ్చరించింది. అలాంటి పిల్లిలో చక్కెర మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు ప్రాణాంతకంగా పెరుగుతాయి.

తిండే మొదటి మందు

క్లోమానికి విశ్రాంతి కోసం ఉపవాసం ఉంచాలన్న పాత అభిప్రాయాన్ని పిల్లి విషయంలో పశువైద్యం విడిచిపెట్టింది. పిల్లి, ముఖ్యంగా లావుపాటి పిల్లి, రెండు మూడు రోజులు తినకపోతే శరీరంలోని కొవ్వు ఒక్కసారిగా కాలేయానికి చేరి అక్కడే పేరుకుని కాలేయాన్ని స్తంభింపజేస్తుంది. క్లోమశోథ చంపని పిల్లిని ఈ కాలేయ వ్యాధి చంపగలదు. కాబట్టి ఒక రోజంతా ఏమీ తినని మధుమేహ పిల్లిని మరునాటికి వాయిదా వేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకెళ్లాలి. వాంతి తగ్గించే మారోపిటెంట్ లేదా ఒండాన్‌సెట్రాన్, ఆకలి పుట్టించే మిర్టాజపైన్, అవసరమైతే ముక్కు ద్వారానో మెడ పక్క నుంచో వేసే ఆహారనాళం, ఇవన్నీ పిల్లి పొట్టలోకి ఆహారం చేరేలా చూసే ప్రయత్నాలే.

కుక్కలకు చెప్పినట్టు కొవ్వులేని ఆహారమే పెట్టాలన్న నియమం పిల్లికి వర్తించదు. ప్రొటీన్ ఎక్కువగా, పిండిపదార్థం తక్కువగా ఉండే తడి ఆహారం మధుమేహానికీ మేలు చేస్తుంది, ఒంటికి నీరూ అందిస్తుంది. ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసం, చేప నోటికి రుచిస్తాయి కానీ, పిల్లి కళ్లకూ గుండెకూ తప్పనిసరైన టారిన్, ఎముకలకు కావలసిన కాల్షియం వాటిలో సరిపడా ఉండవు. టారిన్ లోపం గుండెకండరాన్ని బలహీనపరుస్తుందని 1987లో రుజువైంది. ఉడికించిన నీళ్లలోకి టారిన్ దిగిపోతుంది కనుక ఆ రసాన్ని పారబోయకుండా తిండిలో కలపాలి, ఇంటి వంట మాత్రమే పెట్టే పక్షంలో పోషక మిశ్రమం కోసం వైద్యుని సలహా తీసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను నాశనం చేస్తాయి కనుక మిగిలిన కూర పెట్టకూడదు. జబ్బుగా ఉన్న రోజుల్లో మాత్రం ఏది తింటే అదే మంచిది. ఆహార మార్పు కోలుకున్న తర్వాత, వారం పది రోజుల్లో నెమ్మదిగా జరగాలి. అన్నం తగ్గిస్తే ఇన్సులిన్ అవసరమూ తగ్గుతుంది కనుక ఆ మార్పును వైద్యునికి ముందే చెప్పాలి.

నొప్పి, ద్రవాలు, ఇవ్వకూడని మందులు

క్లోమశోథకు దాన్ని నేరుగా నయం చేసే మందు లేదు. కోల్పోయిన ద్రవాన్ని సెలైన్ లేదా రింగర్స్ లాక్టేట్‌తో భర్తీ చేయడం, నొప్పిని, వికారాన్ని అదుపు చేయడం, తిండి ఆపకపోవడం, లోపిస్తే బి12 విటమిన్ ఇవ్వడం అనే నాలుగు ఆధారాల మీద చికిత్స నిలుస్తుంది. ఇవన్నీ జిల్లా కేంద్రంలోని పశువైద్యులు కూడా మొదలుపెట్టగలిగినవే. పిల్లి మూలగకపోయినా నొప్పి ఉందనే భావించి బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులను వైద్యులు వాడతారు.

ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్ర పిల్లికి విషం. దాన్ని నిర్వీర్యం చేసే కాలేయ ఎంజైము పిల్లికి చాలా తక్కువ కనుక, చిన్న ముక్క కూడా రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ప్రమాదకరమే. రాబందుల వినాశనానికి కారణమైన డైక్లోఫెనాక్ పశువైద్య వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించిన తర్వాత దాని స్థానంలో వ్యాపించిన మెలోక్సికామ్ గేదెలకు మేలైనదే కానీ, ఒంట్లో నీరు తగ్గిన ముసలి పిల్లికి పదేపదే ఇస్తే మూత్రపిండాలు విఫలం కావచ్చు. వాపు తగ్గడానికి వేసే డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్లు చక్కెరను పెంచుతాయి; నీరసానికి ఎక్కించే డెక్స్‌ట్రోజ్ కూడా అంతే. పశువులతో క్షణం తీరికలేని వైద్యశాలకు పిల్లిని తీసుకెళ్లినప్పుడు 'దీనికి షుగర్ ఉంది, ఇన్సులిన్ మీద ఉంది' అన్న మాటను మొదట చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వడం అందువల్ల అవసరం.

ఇంటి నోటుబుక్కు, అత్యవసరం

తేదీ, తిన్న ఆహారం, ఇన్సులిన్ మోతాదు, ఇచ్చిన సమయం, చక్కెర విలువ, వాంతి, మూత్రం, వారానికొకసారి బరువు రాసిన ఒక నోటుబుక్కు వైద్యునికి ఏ యంత్రమూ ఇవ్వలేని సమాచారం ఇస్తుంది. చక్కెర 60కి దిగితే, లేదా పిల్లి తూలుతూ, వణుకుతూ, మూర్ఛపోతుంటే, తేనె లేదా గ్లూకోజ్ పొడి కలిపిన నీటిని చిగుళ్ల మీద రుద్ది, గొంతులో పోయకుండా, వెంటనే వైద్యుని దగ్గరకు బయలుదేరాలి. చక్కెర ఎక్కువగా ఉండి వాంతులు, తీవ్ర నీరసం, లోతైన శ్వాస కనిపిస్తే, మూత్రంలో కీటోన్లు ఉన్నాయేమో పట్టీతో చూడాలి; ఉంటే అది సెలైన్, ఇన్సులిన్, పొటాషియం పర్యవేక్షణ అవసరమయ్యే అత్యవసర స్థితి. వరంగల్ సమీపంలోని మామునూరులోనూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోనూ పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయ కళాశాలలు ఉన్నాయి. జనగామ, మహబూబాబాద్ వారికి రైలు సౌకర్యం ఉంది, భూపాలపల్లి వారు పరకాల మీదుగా రోడ్డు మార్గంలో వెళ్లాలి కనుక, ఏ రోజు ఏ వైద్యశాల తెరిచి ఉంటుందో, రాత్రి వేళ ఏ వాహనం దొరుకుతుందో పిల్లి బాగున్న రోజుల్లోనే కనుక్కుని రాసిపెట్టుకోవాలి. ఆ ప్రయాణానికి ముందు స్థానిక వైద్యుని చేత సెలైన్, వాంతి మందు ఇప్పించడం దారిలో ప్రాణాన్ని నిలబెడుతుంది.

ఈ శ్రమకు ఫలితం ఉంటుంది. 2009లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో గ్లార్జిన్, తక్కువ పిండిపదార్థపు ఆహారం, ఇంటి దగ్గరి నిశిత కొలతలతో 64 శాతం పిల్లులకు ఇన్సులిన్ అవసరమే లేకుండా పోయింది. వ్యాధి తెలిసిన ఆరు నెలల్లోపు ఆ పద్ధతి మొదలుపెట్టినవాటిలో ఇది 84 శాతానికి చేరింది. దీర్ఘకాలిక క్లోమశోథ ఉన్న పిల్లుల్లో అలాంటి విముక్తి కష్టమైనా, తిండి తింటూ, నొప్పి లేకుండా, బరువు నిలుపుకుంటూ ఏళ్ల తరబడి బతికేవి ఎన్నో ఉన్నాయి. ప్రతి పోటు తర్వాత ఇంకాస్త చిక్కిపోతూ, మందులకు లొంగని నొప్పితో, తిండి మీద ఆశే లేని స్థితికి చేరిన పిల్లికి, వైద్యుని సలహాతో బాధలేని మరణం ఇవ్వడం కూడా సంరక్షణలో భాగమే, దాన్ని ఓటమిగా భావించనవసరం లేదు. అంతవరకు ప్రతి పూటా అడగవలసిన ప్రశ్నలు రెండే: ఇవాళ ఏం తిన్నది, ఆ తిండికి ఈ మోతాదు తగినదేనా? ఈ రెంటికీ జవాబు తెలిసిన ఇంట్లో, నిర్ధారణ ఇంకా 'ఉండవచ్చు' దగ్గరే ఆగి ఉన్నా, పిల్లికి అందవలసిన చికిత్సలో ముఖ్యభాగం అప్పటికే అందుతూ ఉంటుంది.